కళ్ళజోడు తీసేసిన ఆమేన్ టైలరు

ఆ చర్చిలో ప్రసంగం ఎవరు చెప్పినా మొదటి ఆమేన్ మాత్రం టైలరుదే. పాస్టరుగారు వాక్యం చదివి, గొంతు సవరించుకుని, ఇంకా అసలు విషయంలోకి దిగకముందే ముందు బల్ల మీంచి "ఆమేన్" అని ఖంగుమనేది. ఆ గొంతుకి కిటికీ మీది పావురాలు లేచిపోయేవి. వెనక బల్లల్లో కునికిపాట్లు పడేవాళ్ళు ఉలిక్కిపడి, దేనికో తెలియకపోయినా తామూ ఒక ఆమేన్ పడేసేవాళ్ళు. ఒకసారి పాస్టరుగారు ప్రకటనలు చదువుతూ మరుగుదొడ్డి తలుపు గడియ విరిగిందని, ఎవరూ లోపలికి వెళ్ళవద్దని చెబితే దానికీ ఆమేన్ పడింది. అప్పట్నుంచి ఆయన ఆమేన్ టైలరయ్యాడు. ఆయనేమీ నొచ్చుకోలేదు. చెడ్డ పేరు పెట్టలేదు కదా అన్నాడు.

మనిషి మంచివాడు. సందులో ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడకి మేకుల మీద సగం కుట్టిన చొక్కాలు, కింద గుడ్డ పీలికల కుప్ప. గుమ్మం దగ్గర వెలుతురు చూసుకుని ఆయన భార్య కూర్చుని కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. ఆవిడ సూది ఎంత చురుకో నోరూ అంతే. "దేవుడు మా ఆయన మెడకి ఒక్కటే మడతబందు పెట్టాడమ్మా, పైకీ కిందకీ ఊగుతుంది తప్ప పక్కలకి తిరగదు," అనేది వచ్చినవాళ్ళతో. నిజమే. ఎవరికీ ఆయన కాదనలేడు. పెళ్ళికి కోటు రేపటికే కావాలన్నా సరేననేవాడు, నిన్నటికి కావాలన్నా సరేననేవాడేమో.

ఆయనకి తల్లి, తండ్రి, బడి, అన్నీ ఒక్క అక్కే. అమ్మ పోయేనాటికి ఇతనికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్క ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉడకబెట్టి తమ్ముణ్ణి సాకింది, మిషను నేర్పించింది, పెళ్ళి చేసింది. చిన్నతనంలోనే భర్త పోయి, పిల్లలు లేక, పని మానేశాక అదే సందు చివర ఒక గదిలో ఉండేది. పొద్దున్నే లేచి పరిశుద్ధ గ్రంథం ముక్కుకి ఆనించుకుని చదివేది. కళ్ళు కొన్నాళ్ళుగా బాగాలేవు. నీటికాసులని చెప్పి డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు, అది రోజూ వేసుకోవలసిందే, మానితే చూపు అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది, పోయిన చూపు మళ్ళీ రాదు అని మరీమరీ చెప్పాడు. అక్క ముక్కుసూటి మనిషి. పొద్దున ప్రార్థన, చుక్కలు; సాయంత్రం ప్రార్థన, చుక్కలు. ఏది ముందో ఏది వెనకో ఆవిడకి పట్టింపు లేదు.

చర్చిలో జనం పలచబడుతున్న రోజులవి. పాస్టరుగారు మెత్తటి మనిషి. ఆయన ప్రసంగం వింటుంటే మంచి చల్లగాలి వీచినట్టుండేది, నిద్రా అలాగే పట్టేది. సంఘ పెద్దలు ఆలోచించి ఆలోచించి, జనాన్ని పోగేయడానికి ఒక బయటి ప్రసంగీకుణ్ణి పిలిపించారు. ఆయన వేదికెక్కితే తనకి దర్శనాలు వచ్చాయని తప్ప వేరే మాట చెప్పడు కాబట్టి జనం దర్శనాలయ్యగారు అన్నారు. తెల్ల కోటు, నిగనిగలాడే జుట్టు, ఒకసారి గుసగుసలాడి ఒకసారి ఉరిమే గొంతు. పాస్టరుగారి గొంతుకి అలవాటుపడ్డ చెవులకి అది పచ్చి మిరపకాయ కొరికినట్టయింది. ఒక్కరూ నిద్రపోలేదు.

ఆయన చెప్పినదంతా ఒక్క ముక్కలో తేల్చవచ్చు: నోటితో ఏది ఒప్పుకుంటే అదే నిజం. జబ్బుందని అన్నావా, ఉంటుంది. లేదన్నావా, పోతుంది. మందు మింగడమంటే దేవుడి మీద అనుమానం మింగడమే. కళ్ళజోడంటే ముక్కు మీద కూర్చున్న అవిశ్వాసం. చివరి రోజున ఒక బుట్ట ముందు పెట్టించి, విశ్వాసం ఉన్నవాడు తన జోడు అందులో పడేయమన్నాడు.

ఎవరి జోళ్ళు వాళ్ళు తడుముకుంటున్నారు. అప్పుడు ముందు బల్ల మీంచి లేచింది ఆ ఆమేన్. టైలరు లేచి, నడిచి వెళ్ళి, రెండు చేతులా జోడు తీసి బుట్టలో వేశాడు. వెనక్కి తిరిగేసరికి జనం మొత్తం ఒక పెద్ద రంగుల మరకలా కనబడింది. ఆ మరక చప్పట్లు కొట్టింది. ఆయన జీవితంలో అన్ని చప్పట్లు ఎన్నడూ వినలేదు. ఆ తర్వాత గొర్రెదాటే. పాటల బృందం పెద్దాయన, గంట కొట్టే తాత, బేకరీ యజమాని, సంఘ పెద్దల్లో సగం మంది వరసగా వచ్చి జోళ్ళు సమర్పించారు. టైలరు భార్యకి జోడు లేదు. ఉన్నా ఇచ్చేది కాదు. దారిలో మొగుడు తన చెయ్యి పట్టుకుని నడవడం చూసి, కొత్తగా పెళ్ళయినట్టుందండీ అని మాత్రం అంది.

అక్కడి నుంచి ఆ సంఘం సంగతి చూడాలి. మసక అనే మాట ఎవరూ అనకూడదు, అది నోటితో జబ్బుని పిలవడం. కాబట్టి అందరికీ అన్నీ బ్రహ్మాండంగా కనబడుతున్నాయి. గంట కొట్టే తాత తాడనుకుని కిటికీ తెర లాగి మీద వేసుకున్నాడు. బేకరీ యజమాని ఉప్పుకీ పంచదారకీ తేడా చూపుతో కాక నాలుకతో తేల్చుకునే స్థితికి వచ్చి, అదీ మరిచిపోయిన రోజున వీధి వీధంతా ఉప్పటి కేకు తిని దేవుణ్ణి స్తుతించింది. ఒకరికొకరు ఎదురుపడితే, ఎవరో పోల్చుకోలేక, "ప్రభువు మీకు తోడై ఉండుగాక" అని అందరికీ సరిపోయే మాట ఒకటి అనేసి తప్పుకునేవాళ్ళు. టైలరు ఒకనాడు చర్చి వసారాలో స్తంభానికి ఆ మాట చెప్పి, జవాబు రాకపోతే, ఈమధ్య అందరికీ పొగరెక్కువైందని ఇంటికొచ్చి బాధపడ్డాడు.

సూదిలో దారం ఎక్కించడం భార్య పనయింది. సుద్దతో గీసిన గీత కనబడక, వేలితో తడిమి కత్తిరించేవాడు. ఆ రోజుల్లోనే దర్శనాలయ్యగారి రెండో విడత సభల కోసం పాటల బృందానికి కొత్త గౌన్లు కుట్టే పని ఆయన మీద పడింది. భార్య తాను కుడతానంటే, తన విశ్వాసం మీద ఆవిడకి నమ్మకం లేదా అని అలిగాడు. సరే కుట్టండి అని ఆవిడ వదిలేసింది. ఆవిడకి ఆ గౌన్లు చూడాలని లోపల ఒక కుతూహలం కూడా ఉండిందని తర్వాత ఒప్పుకుంది.

సభ రోజున పాటల బృందం లోపలికి నడిచి వస్తే చూడాలి. ఒకాయనకి ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకో చెయ్యి వేళ్ళు దాటి వేలాడుతూ ఉంది. ఒకావిడ గౌను ముందుది వెనక, వెనకది ముందు. అందరికన్నా లావుగా, అందరికన్నా లోతు గొంతుతో పాడే పెద్దాయన గౌనుకి మెడ దగ్గర రెండు వైపులా కలిపి కుట్టేసి ఉంది. ఆయన తల బయటికి రాలేదు. బృందం పెద్ద ఆయనే కాబట్టి ఆగడానికీ వీల్లేదు. గౌను లోపల నుంచే మొదటి స్వరం అందుకున్నాడు. బావిలోంచి ఎవరో పిలిచినట్టు వినబడింది. అయినా ఎవరికీ జోళ్ళు లేవు కాబట్టి, సభ చాలా అందంగా జరిగిందనే చెప్పుకున్నారు.

కోటు సంగతి మరీ ఘోరం. దర్శనాలయ్యగారు తనకొక కొత్త తెల్ల కోటు కుట్టమని అడిగాడు. కొలత సరిచూడడానికి కొట్టుకి వచ్చి నిలబడ్డాడు. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, భుజం దగ్గర మడత తడుముకుని, ఒక సూది గుచ్చాడు. గుడ్డకి గుచ్చాననే అనుకున్నాడు. దర్శనాలయ్యగారు వేదిక మీద ఎన్నడూ వాడని మాట ఒకటి అని ఎగిరి గంతేశాడు. తెల్ల చొక్కా మీద ఎర్రచుక్క తేలింది. ఆయన భుజం పట్టుకుని, ఇంట్లో మందేమైనా ఉందా అని అడిగాడు.

గుమ్మంలో కూర్చున్న టైలరు భార్య కాజా నుంచి తలెత్తలేదు.

"నొప్పి లేదని ఒప్పుకోండి అయ్యగారూ," అంది. "మందు రాస్తే మళ్ళీ అనుమానం అయిపోతుందేమో."

దర్శనాలయ్యగారు ఆవిడకేసి చూసిన చూపు టైలరుకి కనబడలేదు. కనబడి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆయన వెళ్ళగానే టైలరు భార్య మీద పడ్డాడు. దైవజనుణ్ణి వేళాకోళం చేస్తావా అన్నాడు, నీ నోటి వల్లే ఈ ఇంటికి దీవెన రావడం లేదు అన్నాడు. ఆవిడ ఆ పూట కాజాలు మామూలు కన్నా గట్టిగా బిగించింది.

చెప్పొచ్చేదేమంటే, ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. బట్టలు విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కేకు పారేసి ఇంకోటి చేసుకోవచ్చు. కానీ టైలరు ఆగలేదు. చప్పట్ల రుచి మరిగినవాడు ఇంట్లో కూడా చప్పట్లు వెతుక్కుంటాడు. దర్శనాలయ్యగారు ప్రతి ఒక్కరూ తమ కుటుంబంలో ఒకర్ని మందుల చెర నుంచి విడిపించాలని చెబితే, ఇతను నేరుగా సందు చివరికి నడిచాడు.

అక్క మొదట నవ్వేసింది. డాక్టరు చెప్పాడురా అంది. ఇతను మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. తన కళ్ళు చూడమన్నాడు, జోడు లేకుండా ఎంత చక్కగా ఉన్నాయో చెప్పాడు. గోడ మీది క్యాలెండరు చదివి వినిపించాడు. నిజానికి అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఆ నెల ఏదో తెలుసు కాబట్టి చదివినట్టు చెప్పేశాడు. అది అబద్ధమని ఆయనకి అనిపించలేదు, నోటితో ఒప్పుకుంటున్నాను అనుకున్నాడు. అక్క చాలాసేపు అతని ముఖంకేసి చూసి, చుక్కల సీసా తీసి అలమరలో వెనక్కి పెట్టేసింది. ఆ ఆదివారం టైలరు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు మోగాయి. అక్క తల వంచుకుని కూర్చుంది.

వానలు వచ్చి పోయాయి. ఒక మధ్యాహ్నం అక్క తమ్ముడింటికి వచ్చింది. మరదలు టీ పెట్టి ఎడంపక్కన పెడితే, అక్క ఎంతకీ తాగలేదు. ఎందుకు తాగలేదు వదినా అని అడిగితే, ఇంకా ఇవ్వలేదనుకున్నానమ్మా అంది. వెళ్ళేటప్పుడు ఎడం భుజం తలుపు చెక్కకి కొట్టుకుంది. వాకిట్లో బక్కెట్టు తన్నుకుని పడబోయింది. మరదలు పట్టుకుని, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టి, చూపుడువేలు ఎత్తి ఆవిడ ముఖం ముందు పక్కకి జరుపుతూ పోయింది. ఎక్కడి దాకా కనబడుతోందో చెప్పమంది. వేలు కొంచెం ఎడంకి జరిగిందో లేదో అక్క, తీసేశావా అని అడిగింది.

టైలరు మిషను తొక్కడం ఆపేశాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరు పెద్దగా తిట్టలేదు. తిడితే బాగుండునని టైలరుకి అనిపించింది. ఎడమకంటి చూపు చాలావరకు పోయిందని, కుడికంటికీ ఒక పక్క దెబ్బ తగిలిందని, ఇక నుంచి చుక్కలు క్రమం తప్పకుండా వేస్తే మిగిలింది కాపాడుకోవచ్చని చెప్పాడు. పోయింది పోయిందే అన్నాడు. ఎందుకు మానేశారమ్మా అని అడిగాడు. అక్క, మరిచిపోయాను బాబూ అంది.

బయటికొచ్చాక మెట్ల మీద టైలరు కూలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ఏడ్చి ఏం లాభమని తనే తిట్టుకుంటూ ఏడ్చాడు. మరిచిపోయానని ఎందుకు చెప్పావక్కా అని అడిగాడు. ఆవిడ అతని పక్కన తడుముకుని కూర్చుంది.

"ఆ కోటాయన చెప్పాడని మానలేదురా నేను. ఆయన మాట నాకు మొదట్నుంచీ ఎక్కలేదు. నువ్వు చెప్పావని మానాను. నువ్వు క్యాలెండరు చదివావు కదా. మా తమ్ముడు నాతో అబద్ధమాడడు అనుకున్నాను."

ఆ మాట పడ్డాక టైలరు ఏడుపు ఆగిపోయింది. ఏడుపుకి అందనంత లోతుకి వెళ్ళింది.

అక్కే మళ్ళీ మాట్లాడింది. మందు మానమని వాక్యంలో ఎక్కడుందో వెతికావా అని అడిగింది. లేదన్నాడు. ఎప్పుడైనా వెతికావా అంది. ఎప్పుడూ లేదన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కేకలేస్తున్నావు, దేనికి వేస్తున్నావో చూసుకోలేదన్నమాట అంది. అపొస్తలుడంతటివాడు వచ్చి చెప్పినా, బెరయ ఊరివాళ్ళు ఇంటికెళ్ళి లేఖనాలు విప్పి, ఇది ఇలాగే ఉందా అని రోజూ చూసుకున్నారట. వాళ్ళని ఎవరూ అనుమానపు పక్షులనలేదు, ఘనులన్నారు. అదే అపొస్తలుడు కడుపునొప్పి శిష్యుడికి, ఉత్త నీళ్ళే తాగకు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని రాశాడు కానీ నొప్పి లేదని ఒప్పుకోమని రాయలేదు. ఆయన వెంట తిరిగినవాళ్ళలో ఒక వైద్యుడు కూడా ఉన్నాడు. అక్క ఇవన్నీ ఆసుపత్రి మెట్ల మీద, అటూ ఇటూ జనం తిరుగుతుంటే, కూర గురించి చెబుతున్నట్టు చెప్పింది. ఇవన్నీ తెలిసి నువ్వెందుకు మానేశావక్కా అని అతను అడిగాడు. ఆవిడ, ప్రేమకి కూడా బుద్ధి ఉండాలిరా, నాకు ఆ రోజు లేకపోయింది అంది.

టైలరు ముందు కొత్త జోడు పెట్టించుకున్నాడు. పెట్టుకున్న మొదటి గంటలో తను కుట్టిన చొక్కాలన్నీ చూసుకున్నాడు. ఆ తర్వాత పాస్టరుగారింటికి వెళ్ళాడు. పాస్టరుగారు అంతా విని, తల దించుకుని, తనకి మొదటి రోజే తప్పని తెలుసన్నాడు. బల్లలు నిండాయని ఊరుకున్నానన్నాడు. ఖాళీ బల్లలకి ప్రసంగం చెప్పడం ఎలా ఉంటుందో నీకు తెలియదు నాయనా అన్నాడు. టైలరుకి జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. "తోడేలు మందలోకి వస్తే మొరగాల్సింది మీరు కదండీ," అన్నాడు. తన జన్మలో పాస్టరుగారితో ఆమేన్ కాక ఇంకో మాట అనడం అదే మొదలు. ఇద్దరూ బిత్తరపోయారు.

దర్శనాలయ్యగారు మూడో విడత వచ్చాడు. చర్చి కిటకిటలాడుతోంది. టైలరు ఎప్పటిలా ముందు బల్ల మీదే కూర్చున్నాడు, ఒక పక్క భార్య, ఒక పక్క అక్క. ముక్కు మీద జోడు. దర్శనాలయ్యగారు అది చూడనే చూశాడు. మొదటి వీరుడే మళ్ళీ బానిసయ్యాడని వేలు చూపించి జాలిపడ్డాడు. జనం మెడలు సాచారు. ఎవరికీ సరిగ్గా కనబడక, ఏమైంది ఏమైంది అని పక్కవాళ్ళని అడిగారు. అప్పుడాయన గొంతు పెంచి, మందు ముట్టినవాడు ప్రభువుని తోసేసినట్టే అని ఉరిమి, అలవాటు ప్రకారం ఆమేన్ కోసం ఆగాడు.

రాలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఒకే గొంతు వెంట నడిచిన జనం. ఆ గొంతు లేవకపోయేసరికి వీళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక ఎవరో సగం ఆమేన్ అని, తోడు లేక మింగేశాడు. దర్శనాలయ్యగారు ఆ మాటే మళ్ళీ అన్నాడు. పావురాలు కదల్లేదు.

టైలరు లేచాడు. ఇంట్లో బాగా వల్లెవేసుకున్న మాటలన్నీ ఆవిరైపోయాయి.

"అయ్యగారూ, అది వాక్యంలో ఎక్కడుందో చెప్పండి. ఉంటే నేను ఇప్పుడే జోడు తీసేస్తాను. అపొస్తలుడు... ఆయన తన శిష్యుడికి, తీతుకి, ద్రాక్షారసం..."

"తీతు కాదురా, తిమోతి," అంది అక్క పక్కనుంచి.

కొందరు నవ్వారు. టైలరు చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు. తన అక్క చూపు పోయిందని, తానే మానిపించానని, తనకి జోడు లేకుండా ఒక్క అక్షరం కూడా కనబడలేదని, క్యాలెండరు చదివానని చెప్పింది అబద్ధమని, గౌన్ల సంగతి అందరికీ తెలిసిందేనని, ముందువెనకలు కలిపేసి చెప్పుకుపోయాడు. దర్శనాలయ్యగారు ఆ మాటల మధ్య ఎక్కడా తొణకలేదు. అంతా విని, విచారంగా తల ఊపి, మైకులో మెల్లగా అన్నాడు.

"ఆ అమ్మలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది. అందుకే స్వస్థత రాలేదు."

టైలరు భార్య అప్పటికే చెప్పు విప్పింది. ఏమయ్యేదో చెప్పలేం. కానీ ఆవిడకన్నా ముందు ఇంకొకరు లేచారు. పక్కగా తన కుర్చీలో ఒదిగి కూర్చున్న పాస్టరుగారు. నిదానంగా వేదిక మధ్యకి వచ్చి, దర్శనాలయ్యగారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మైకు కీచుమంది.

"ఆవిడ ఉతికిన దుప్పట్ల మీద ఈ ఊళ్ళో సగం మంది రోగులు పడుకున్నారు. ఆవిడ గురించి ఆ మాట ఈ చోట అనడానికి వీల్లేదు. మీరు చెబుతున్నది సువార్త కాదు. మొదటి రోజే ఈ మాట అనాల్సింది, అనలేదు. అది నా తప్పు. సభ అయిపోయింది, ముగింపు ప్రార్థన చేసుకుందాం."

అక్కడితో అందరికీ జ్ఞానోదయం అయిందని చెబితే కథ బాగుంటుంది కానీ, అలా కాలేదు. దర్శనాలయ్యగారు కోటు దులుపుకుని బయటికి నడిస్తే ఆయన వెంట సంఘంలో సగానికి పైగా వెళ్ళిపోయారు. పాత సినిమాహాలొకటి తీసుకుని అక్కడ సభలు పెట్టుకున్నారు. పాటల బృందం పెద్దాయన, గౌనులోంచి తల రాకపోయినా విశ్వాసం వదలని మనిషి, అందరికన్నా ముందు వెళ్ళాడు. బేకరీ యజమాని టైలరుతో మాటలు మానేశాడు. చర్చిలో బల్లలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. గంట కొట్టే తాత మాత్రం, ఇక్కడి తాడు నాకు చేత్తో తెలుసు, అక్కడ గంటే లేదు అని ఉండిపోయాడు.

టైలరు కూడా మారాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే మారాడు. చదవడం మొదలుపెట్టాడు కదా, ఇక చూడండి. పాస్టరుగారు చర్చి గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతుంటే, ఇతను వరసలో నిలబడి, ప్రసంగంలో ఆ మూడో మాట ఎక్కడిదండీ, ఆ ఒంటె సూది బెజ్జంలో దూరే సంగతి మా వృత్తికి సంబంధించింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పండి అని పట్టుకునేవాడు. మొదటి నెల పాస్టరుగారు సంతోషించాడు. తర్వాత పక్క తలుపు లోంచి వెళ్ళడం మొదలుపెట్టాడు. చివరికి అక్కే పిలిచి మందలించింది. బియ్యంలో రాళ్ళు ఏరేది అన్నం తినడానికిరా, రాళ్ళు దాచుకోవడానికి కాదు అంది. అన్నిటికీ తలూపడం ఎంత జబ్బో, అన్నిటికీ తల అడ్డంగా తిప్పడమూ అంతే జబ్బంది. మా ఆయన మెడకి రెండో మడతబందు వచ్చిందని సంబరపడుతున్నాను వదినా, దాన్ని పాడుచేయకండి అని మరదలు ఆవిణ్ణి బతిమాలుకుంది.

మధ్యాహ్నాలు కొట్టులో పని తగ్గాక టైలరు అక్కకి చదివి వినిపించేవాడు. ఆవిడకి ఇక చిన్న అక్షరాలు కనబడవు. చుక్కలు తనే వేసేవాడు, వేసేటప్పుడు ఒక్కసారీ ఆవిడ కళ్ళలోకి సూటిగా చూడలేకపోయేవాడు. మరదలు కాజాలు తీస్తూ వినేది. గంట కొట్టే తాత వచ్చి కూర్చునేవాడు. ఇద్దరు ముగ్గురు ఇంకా చేరారు. వంశావళుల దగ్గర తాత గురకపెట్టేవాడు. ధర్మశాస్త్రంలో ఉన్నికీ నారకీ కలిపి నేయకూడదన్న చోట టైలరు అరగంట ఆగిపోయి, తను కుట్టిన బట్టలన్నీ తలుచుకుని కంగారుపడ్డాడు. అది ఎప్పటిది, ఎవరికి, ఎందుకు అని పాస్టరుగారినే వచ్చి చెప్పమన్నారు. ఆయన వచ్చి, గుడ్డ పీలికల కుప్ప మీద కూర్చుని, టీ తాగి, చర్చిలో కన్నా బాగా చెప్పాడు. ఎవరూ నిద్రపోలేదు, తాత తప్ప.

ఏడాది తిరిగాక ఒకరోజు పాటల బృందం పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. సినిమాహాల్లో ఏమైందో, దర్శనాలయ్యగారు ఏ ఊరికి వెళ్ళాడో ఆయన చెప్పలేదు. చంకలో పాంటు, ముక్కు మీద కొత్త జోడు. నడుము దగ్గర బిగుతైందని, కాస్త వదులు చేయాలని అన్నాడు.

టైలరు నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. భార్య సూది ఆపి అతనికేసి ఒక చూపు చూసింది. అతను టేపు తీసి, పెద్దాయన నడుం చుట్టూ వేసి, కొలిచి, సుద్దతో గీత గీశాడు.

"పొట్ట పెరిగింది," అన్నాడు. అంతే అన్నాడు.

పెద్దాయన వెళ్ళలేదు. ఇక్కడ చదువుకుంటున్నారని విన్నాను, ఎక్కడి దాకా వచ్చారు అని గోడకేసి చూస్తూ అడిగాడు. టైలరు కొంచెం జరిగి, బల్ల మీది గుడ్డలు పక్కకి నెట్టి చోటు చేశాడు. పెద్దాయన ఒదిగి కూర్చోబోతే అక్క చెయ్యి గాల్లో ఊపి ఆపింది.

"ఎవరది, ఆ పక్కన కూర్చోకు నాయనా, నాకు కనబడవు. ఇటొచ్చి కూర్చో."